ఒళ్లు చేసింది

తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో ఎవరింట్లో కాన్పు అయినా, తాతలకూ మేనమామలకూ కబురు వెళ్లాక, ఆ వెంటనే వెళ్లేది నీలమ్మకే. పసిపిల్లలకు నూనె రాసి నీళ్లు పోయడం ఆమె పని. పొద్దున ఆరింటికి ఖాజాగూడ పాత ఊళ్లో షేర్ ఆటో ఎక్కి, నోరు తిరగని ఇంగ్లీషు పేర్లున్న గేట్ల ముందు దిగి, సంచీ విప్పి చూపించి లోపలికి పోతుంది. సంచీలో ఏముంటుంది, పాపం! నువ్వుల నూనె సీసా, సున్నిపిండి డబ్బా, సాంబ్రాణి పొట్లం. ఆరేళ్లుగా చూస్తున్న మనిషే, అయినా సెక్యూరిటీవాడు రోజూ కొత్తగానే వెతుకుతాడు. "ఏం దొరికింది బిడ్డా, బంగారం గిట్ల దొరికిందా?" అని ఆమే రోజూ అడుగుతుంది.

లోపలికి పోయాక ఆ ఇళ్లలో ఆమెదే రాజ్యం. బాత్రూంలో చిన్న పీట వేసుకుని, చీర మోకాళ్ల పైకి దోపి, కాళ్లు బారచాపి, పిల్లను ముంగాళ్ల మీద పడుకోబెట్టుకుంటుంది. లక్షల జీతం తీసుకునే తల్లిదండ్రులు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడతారు. పిల్ల ఏడిస్తే "ఏడువనియ్యమ్మా, ఛాతీ విచ్చుకుంటది" అంటుంది. మధ్యలో పిల్లలు కాళ్ల మీదే ఉచ్చ పోసేస్తారు. తల్లులు "సారీ నీలమ్మా" అంటారు. "సారీ ఎందుకమ్మా, గంగమ్మ తల్లి ఉరికొచ్చింది" అని నవ్వేస్తుంది. అంతా అయ్యాక చివరి చెంబు నీళ్లు పిల్ల తల చుట్టూ తిప్పి, "నూరేండ్లు బతుకు బిడ్డా" అని పక్కకు పారబోస్తుంది. ఆ మాట అనకుండా ఆమె ఒక్క పిల్లనూ తల్లి చేతికి ఇచ్చి ఎరగదు.

ఈ విద్య ఆమెకు అత్త నేర్పింది. భర్త వీరేశం ఖాజాగూడ బండలు కొట్టి కొట్టి, రాతిదుమ్ము ఛాతీలో చేరి, కొడుకు మహేశ్‌కు పదేళ్లు నిండకముందే పోయాడు. వాణ్ని ఈ నూనె చేతులతోనే పెంచింది. ఇప్పుడు వాడు ఐటీ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. చేతుల సంగతి చెప్పాలంటే, అవి చేతులు కావు, తక్కెడ. వారం కిందటికీ ఇవాళ్టికీ పిల్ల ఎంత పెరిగిందో ఎత్తుకోగానే చెప్పేస్తుంది. "ఒళ్లు చేసిందమ్మా" అని ఆమె నోటి నుంచి వస్తే చాలు, ఆ ఇంట్లో ఆ పూట పాయసమే. పిల్లల డాక్టరు మిషను మీద తూచి చెప్పినా తల్లులకు అంత నమ్మకం కుదరదు.

దీపం కిందే చీకటి అన్నట్టు, ఆమె సొంత మనవరాలికే ఒళ్లు పట్టలేదు. ఆధార్ కార్డులో తేజస్విని, నాయనమ్మ నోట్లో తేజమ్మ. కోడలు రోహిణికి పాలకు కొదవ లేదు. అయినా పిల్ల రెండు గుక్కలు తాగి, నుదురంతా చెమటలు కక్కి, అలసిపోయి వదిలేసేది. వాడకట్టు ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఊరందరి పిల్లల్ని గుమ్మడిపండ్ల లెక్క చేస్తవ్, నీ మనమరాలేంది నీలమ్మా గట్ల చీపురుపుల్ల లెక్కుంది?" అని నవ్వేవారు. నీలమ్మ పైకి నవ్వి, ఇంట్లోకి వచ్చి ఏడ్చేది.

రోగాన్ని మొదట పట్టింది కూడా ఆ చేతులే. మూడో నెలలో ఒకనాడు నూనె రాస్తుంటే ఛాతీ మీద అరచేతి కింద ఏదో గుర్రుమంది, ఒళ్లో పడుకున్న పిల్లి గురక పెట్టినట్టు. నీలమ్మ చెయ్యి తీసి, మళ్లీ పెట్టింది. మళ్లీ గుర్రుమంది. "మహేశా, పిల్లను దవాఖానకు తోల్కపో. లోపల ఏదో మంచిగ లేదు" అంది. గుండె గదుల మధ్య గోడకు రంధ్రం ఉందన్నారు. పెద్దది. మందులతో కొన్నాళ్లు నెట్టి, కాస్త బరువు పెరిగాక ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఏడో నెల వచ్చినా నాలుగున్నర కిలోలు దాటలేదు. ఇక ఆగడం మంచిది కాదన్నారు.

ఆ రోజుల్లోనే తెల్లాపూర్‌లో శిరీష అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయికి కాన్పు అయింది. వాళ్లది కడప వైపు. శిరీష తల్లి కమలమ్మ కూతురికి పురుడు పొయ్యడానికి వచ్చి ఉంది. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు నీలమ్మ ఆ ఇంట్లో నీళ్లు పోస్తుంటే, హాల్లో శిరీష భర్త మధుసూదన్ ఫోన్లో ఎవరితోనో ప్లాట్ల రేట్ల గురించి వాదిస్తున్నాడు. "అది వాపు బావా, బలుపు కాదు. రెండిటికీ తేడా తెలియకుండా డబ్బు పెట్టావంటే మునుగుతావ్" అంటున్నాడు. వాపును చూసి బలుపనుకోవడం! నీలమ్మ విని, నెల పిల్ల పిక్క నొక్కి, "మనది బలుపే కదనే" అని నవ్వింది. సామెతలు ఎప్పుడూ పక్కింటివాళ్ల గురించే చెప్పినట్టుంటాయి.

సోమవారం పొద్దున తేజమ్మను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయారు. మధ్యాహ్నం మూడింటికి డాక్టర్ సోమేశ్వరరావు బయటికి వచ్చి, రంధ్రం మూసేశామని చెప్పాడు. గోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు. "ఆపరేషన్ బాగానే జరిగిందండి. ఇకనుంచి రెండు మూడు రోజులే ముఖ్యం" అన్నాడు. ఇందులో మొదటి ముక్కే వీళ్ల చెవుల్లో పడింది. రెండో ముక్క ఎవరి చెవిలో పడుతుంది? మహేశ్ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. మూడు రోజులుగా ముద్ద మింగని రోహిణి అప్పుడు కూడా ఏమీ తినలేదు. పిల్లను చూశాకే తింటానంది.

మంగళవారం తొమ్మిదింటికి అద్దంలోంచి చూడనిచ్చారు.

పిల్ల ఒంటినిండా గొట్టాలు. ఆ గొట్టాల మధ్య నీలమ్మకు కనపడింది మాత్రం బుగ్గలు. నిండు బుగ్గలు! ఏడు నెలలుగా ఆమె నూనె పోసి, కష్టపడి, మొక్కుకుని తెప్పించలేకపోయిన బుగ్గలు. మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడత. బొద్దుగా పాదాలు. తెల్లాపూర్ పిల్లలకు ఉన్నవన్నీ తన పిల్లకు ఒక్క రాత్రిలో వచ్చేశాయి. నీలమ్మ అద్దానికి నుదురు ఆనించి, "అమ్మ నా తల్లీ! ఒళ్లు చేసిందే!" అంది.

"అత్తమ్మా, పాప అట్ల లేదు. కండ్లు చూడు, రెప్పలు మూసుకపోయినయ్" అంది రోహిణి.

"నిద్రమత్తు బిడ్డా. గుండె మంచిగైంది కదా, రక్తం ఒంటికి పట్టింది. గిన్ని దినాలు పట్టనిది ఇప్పుడు పట్టింది."

"ఒక్క రోజులనా?"

"ఎంతమంది పిల్లల్ని చూసినయ్ ఈ చేతులు? నాకు తెల్వదా? నువ్వు ఉత్తగనే పరేషాన్ గాకు."

చేతులట! ఆ చేతులు అద్దానికి ఇవతలున్నాయి. చూసింది కళ్లు. ఏడు నెలల ఆశ నిండిన కళ్లు ఏం చూస్తాయి? కానీ ఆ మాట అన్నది ఎవరు? పిల్లల ఒళ్ల విషయంలో డాక్టర్ల కన్నా ఎక్కువగా అందరూ నమ్మే మనిషి. రోహిణి ఆమె మొహంలోకి చూసింది, మళ్లీ అద్దంలోకి చూసింది. ఏడు నెలల్లో మొదటిసారి ఆ తల్లి పెదాల మీద నవ్వు లాంటిది మెదిలింది. నీలమ్మ కిందికి పోయి చక్కెర పొట్లం కొనుక్కొచ్చి, వరండాలో కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లందరి చేతుల్లో తలా కాస్త పోసింది. తర్వాత కొడుకునూ కోడలినీ తరిమినంత పని చేసి ఇంటికి పంపింది. "పోయి తానం చేసి, కడుపుకింత తిని, జర నడుం వాల్చి రండ్రి. నేనున్న కదా. పిల్ల లేసేసరికి తల్లి మొకం కళగ ఉండాలె."

పది గంటలకు వాళ్లు వెళ్లారు. పదకొండుకు డాక్టరు కబురు పెట్టాడు.

లోపలికి తీసుకుపోయి, చేతులు కడిగించి, నీలం గౌను తొడిగారు. "తాకొచ్చమ్మా" అంది నర్సు. నీలమ్మ అలవాటుగా పాదం దగ్గరే మొదలుపెట్టింది. ఎడమ పాదం చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది, రోజూ నొక్కినట్టే. వేలు తీసింది. గుంట పడింది. పసిపిల్లల ఒంట్లో గుంట నిలవదు, వేలు తీసేలోపే కండ పైకి లేస్తుంది. ఇది లేవలేదు. నీలమ్మ చూస్తూ నిలబడింది. వేలిముద్ర వేసినంత లోతున గుంట అట్లాగే ఉంది. చర్మం కింద కండ లేదు, నీరుంది. వాపు!

చేతులకు తెలిసిపోయింది. ఇక డాక్టరు చెప్పక్కర్లేదు. అయినా ఆయన ఓపికగా చెప్పాడు.

"చూడమ్మా, గుండెను కోసి బాగుచెయ్యాలంటే కాసేపు దాన్ని ఆపాలి కదండి. అంతసేపూ రక్తాన్ని మిషన్లోకి పంపి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తాం. పాప ఒంట్లో ఉన్నదే పెద్ద గ్లాసుడు రక్తం. అది ప్లాస్టిక్ గొట్టాల్లో తిరిగేసరికి ఒళ్లు బెదిరిపోతుంది. ఏదో శత్రువు జొరబడిందనుకుని తన మీద తనే తిరగబడుతుంది. పుండు చుట్టూ ఎర్రగా వాస్తుంది చూడండి, అలా లోపలంతా వాస్తుందన్నమాట. రక్తంలో ఉండాల్సిన నీరు బయటికి ఊరిపోతుంది. చాలామంది పిల్లలకు రెండు మూడు రోజుల్లో అదే దిగిపోతుంది. మూత్రం వచ్చిందంటే గట్టెక్కినట్టే. మీ పాపకు తెల్లవారినప్పటినుంచీ రావట్లేదు."

"ఉచ్చ పోస్తే చాలా సారూ?"

"అదే కావాలమ్మా ఇప్పుడు. కడుపులో సన్న గొట్టం వేసి నీరు తీస్తాం. సంతకం కావాలి. పాప అమ్మానాన్నా ఎక్కడ? వెంటనే రమ్మనండి."

"తినొస్తరు సారూ. నేను ఫోన్ చేస్త" అంది నీలమ్మ. వాళ్లు వచ్చేదాకా ఆగడానికి లేదన్నారు. నీలమ్మకు సంతకం రాదు కాబట్టి బొటనవేలికి సిరా పూసి, కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. అదే బొటనవేలు.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఫోను చేతిలోనే ఉంది. పచ్చ బటన్ నొక్కితే మహేశ్‌కు పోతుంది, ఆ మాత్రం ఆమెకు తెలుసు. నొక్కలేదు. ఏమని చెప్పాలి? ఒళ్లు చేసిందన్నది ఒళ్లు కాదనా? పక్క బెంచీ మీది ముసలాయన చేతికి ఇంకా ఆమె చక్కెర అంటుకుని ఉంది. ఇంతలో గొట్టంలోకి ఉచ్చ వస్తే? నాలుగు చుక్కలొస్తే? అప్పుడు ఆ మాటే చెప్పొచ్చు కదా, ఎవరి గుండే పగలకుండా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నర్సును అడిగింది. "పోసిందా అమ్మా?" నర్సు తల అడ్డంగా ఊపింది. ఎంతమంది పిల్లలు ఆమె కాళ్ల మీద, చీర మీద, ఒక్కోసారి మొహం మీద కూడా కాలవలు పారించారు! ఒక్క చెంచాడు, తల్లీ. ఒక్క చెంచాడు పొయ్యి.

పన్నెండున్నరకు ఫోను మోగింది. రోహిణి.

"అత్తమ్మా, పాప ఎట్లున్నది?"

నీలమ్మ నోరు తెరిచింది. అవతల గిన్నె చప్పుడు వినపడింది. రోహిణి అన్నం పెట్టుకుంటోంది. మూడు రోజుల తర్వాత అన్నం.

"మంచిగున్నది బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు. కడుపునిండ తిను."

రెండింటికి గుండె బలహీనపడుతోందని చెప్పారు. అప్పుడు చేసింది ఫోను. గచ్చిబౌలి దగ్గర ఫ్లైఓవర్ కింద బండ్లు ఇరుక్కుని కదల్లేదు. ఆ దారుల్లో రోజుకు పది మందిని టైముకు దింపే మహేశ్, తన బిడ్డ దగ్గరికి టైముకు చేరలేకపోయాడు. వాళ్లు వచ్చేసరికి మూడుంబావు. పిల్ల పోయి పది నిమిషాలైంది.

రోహిణి ఏడవలేదు. గొట్టాలు తీసేసిన పిల్లను ఒళ్లోకి తీసుకుని, ఉబ్బిన రెప్పల మీద వేలు రాస్తూ, "నువ్వు మంచిగుందంటేనే పోయిన అత్తమ్మా" అంది. ఒక్కసారే అంది. తర్వాత అత్తతో మాట్లాడటం మానేసింది.

మర్నాడు పొద్దున, "నీళ్లు నువ్వే పొయ్యమ్మా" అన్నాడు మహేశ్. ఇంకెవరు పోస్తారు? నీలమ్మ పీట వేసుకుని, కాళ్లు చాపి, మనవరాలిని ముంగాళ్ల మీద పడుకోబెట్టుకుంది. గోరువెచ్చని నీళ్లే పెట్టించింది. పిల్ల ఒళ్లు చల్లగా ఉంటే నీళ్లు కూడా చల్లగా ఎందుకు పొయ్యాలి? నూనె రాసింది, సున్నిపిండితో రుద్దింది, మడతలన్నీ కడిగింది. ఆమె బొటనవేలికి సిరా మరక ఇంకా పోలేదు. చివరి చెంబు ఎత్తి, అలవాటుగా తల చుట్టూ తిప్పింది. నోరు తెరుచుకుంది. నూరేండ్లు అన్నంతవరకూ వచ్చింది, అక్కడ ఆగిపోయి, చెంబు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. చివరికి మహేశ్ వచ్చి ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాడు.

ఖాజాగూడ బండల పక్కన పూడ్చారు. నీలమ్మ నూనె సీసా అటక మీద పెట్టేసింది. ఫోన్లు వస్తే ఎత్తలేదు. రోహిణి వండుతుంది, ముగ్గురూ తింటారు, ఎవరూ మాట్లాడరు. కంచం పెట్టేటప్పుడు కూడా రోహిణి నేల మీదికే చూస్తుంది.

నలభై రోజులు దాటాక తెల్లాపూర్ నుంచి శిరీష తల్లి కమలమ్మ, మహేశ్ నంబరు కనుక్కుని, వాడి క్యాబ్‌లోనే వచ్చి దిగింది. గుమ్మంలో నిలబడి, "ఏమ్మే నీలమ్మా, పిల్ల నీళ్లంటేనే బెదిరి సస్తాండాది. ఇంకో ఆమెను పెట్టినాం గాని కుదరల్యా. నువ్వు రా" అంది.

"మా ఇంట్ల గట్లయింది కదమ్మా. నేను మీ పిల్లను ముట్టొద్దు."

"అయితే ఏమి? నీ చేతులేం పాపం జేసినాయి?"

"చేతులు చెయ్యలేదమ్మా. కండ్లు చేసినయ్. నోరు చేసింది" అంది నీలమ్మ. కమలమ్మకు అర్థం కాలేదు. అయినా కదల్లేదు. అటక మీంచి సీసా తనే దింపించి, చేతికిచ్చి తీసుకుపోయింది.

శిరీష పిల్ల గుమ్మడిపండులా ఉంది. నీలమ్మ పీట మీద కూర్చుని, ముందుగా పాదం పట్టుకుని బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడలేదు. మళ్లీ నొక్కింది. రెండో పాదం నొక్కింది. "ఏం చూస్తున్నావు నీలమ్మా?" అంది శిరీష. "ఏం లేదమ్మా, ఊకెనే" అంది. పిల్ల మొదట కెవ్వుమంది, నూనె చెయ్యి వీపు మీద పడగానే సద్దుమణిగింది. వెల్లకిలా తిప్పిందో లేదో, వెచ్చగా, ధారగా, నీలమ్మ పిక్కల మీదినుంచి మడమల దాకా ఉచ్చ పోసింది.

"అయ్యో, సారీ నీలమ్మా..."

గంగమ్మ తల్లి ఉరికొచ్చిందని నీలమ్మ అనలేదు. "పొయ్యనియ్యమ్మా" అంది. "పొయ్యి బిడ్డా, ఇంకా పొయ్యి." ఆ గొంతు విని తల్లీ కూతుళ్లు మొహాలు చూసుకున్నారు. చెంబు నీళ్లు చేతికి అందేంత దూరంలోనే ఉన్నా, కాళ్లు కడుక్కోకుండా ఆ వెచ్చదనం ఆరిపోయేదాకా అలాగే కూర్చుని ఏడ్చింది. తర్వాత నీళ్లు పోసింది. చివరి చెంబు తిప్పి, నూరేండ్లు బతుకమంది. ఈసారి మాట మొత్తం బయటికి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి రోహిణి బియ్యం ఏరుతోంది. అత్త చీర కుచ్చిళ్ల దగ్గర తడి మరక చూసింది. ఆ వాసన తెలియని తల్లి ఉంటుందా? చేట పక్కన పెట్టి, నలభై రోజుల తర్వాత నోరు తెరిచింది.

"ఎవరి పాప?"

"శిరీషమ్మ పాప. మూడో నెల" అంది నీలమ్మ. గోడకు ఆనుకుని కూర్చుంది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. "రోహిణీ, నీకొకటి చెప్పాలె బిడ్డా. ఆ దినం నువ్వు ఫోన్ చేసినప్పటికే నాకు తెలుసు. పాపను ముట్టి చూసిన. అది ఒళ్లు కాదు, వాపు. తెలిసి గూడ నీకు అబద్ధం చెప్పిన."

"తెలుసు" అంది రోహిణి. "కాగితాలిచ్చిన్రు కదా దవాఖానల. నీ ఏలుముద్ర పక్కన టైం రాసున్నది. పదకొండున్నర."

నీలమ్మ తల వంచుకుంది. తిడితే బాగుండును, కొట్టినా బాగుండుననిపించింది. రోహిణి దగ్గరికి జరిగి, ఆ తడిసిన కుచ్చిళ్లు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"గా దినం నేను కడుపునిండ తిన్న అత్తమ్మా" అంది. "నా బిడ్డ ఒళ్లు చేసిందని, నవ్వుకుంట తిన్న."

ఆ చీరలో మొహం దాచుకుని, బిడ్డ పోయిన తర్వాత మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది. నీలమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. రోహిణి ఆ చేతిని తోసెయ్యలేదు.